చుక్కకు పట్టు, విడుపు: అంబత్తూరు మిద్దె మీద నా అనుభవం

"చుక్కకి గ్రహణమా? అయితే పట్టు స్నానం, విడుపు స్నానం రెండూ చెయ్యాలా?" అని అడిగింది అమ్మ, రాత్రి రెండింటి దాకా మిద్దె మీద పనుందని చెప్పగానే.

"పట్టుకీ విడుపుకీ మధ్య మూడు సెకన్లేనమ్మా."

"మూడు సెకన్లకా మూడు రోజుల్నించీ ఆ గొట్టం తుడుస్తున్నావు?"

జవాబు చెప్పలేకపోయాను. కానీ ఆవిడ మాటలు మాత్రం నాకు భలే అక్కరకొచ్చాయి. ఈ పని చేసేవాళ్లం దీన్ని ఆకల్టేషన్ అంటాం. చుక్క మాయమవడానికో పేరు, మళ్లీ కనపడడానికో పేరు, రెండూ ఇంగ్లీషులో నోరు తిరగనివే. పట్టు, విడుపు అంటే అయిపోయె! ఆ రోజు నుంచి నా నోట్‌బుక్‌లో అలాగే రాసుకుంటున్నాను.

సంగతేమిటంటే, కుజుడికీ గురుడికీ మధ్య తిరిగే గ్రహశకలం ఒకటి, సుమారు 42 కిలోమీటర్ల బండరాయి, మాఘ బహుళంలో ఒక రాత్రి 1:52కి సింహరాశిలోని ఓ ఎర్ర చుక్కకు అడ్డంగా పోతుందని లెక్క వచ్చింది. చుక్క వెలుగులో ఆ రాయికి నీడ ఉంటుంది కదా. ఆ నీడ బంగాళాఖాతం మీంచి వచ్చి, చెన్నై ఉత్తరపు కొసను ఒరుసుకుంటూ, ఆగ్నేయం నుంచి వాయవ్యానికి ఏటవాలుగా సెకనుకు 12 కిలోమీటర్ల చొప్పున దూసుకుపోతుంది. మధ్యగీత చోళవరం దగ్గర. అంబత్తూరులో మా ఇల్లు ఆ మధ్యగీతకు దక్షిణంగా, నీడ లోపలే పడింది. గుమ్మిడిపూండిలో మా బావ క్వార్టర్స్ ఉత్తరంగా. మా మేనత్త కొడుకు. అక్కడ ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇంజనీరు. ఆ వారం వాడికి జనరల్ షిఫ్ట్ పడటం మా అదృష్టం.

మామూలుగా ఈ పనిలో కొలిచేది రాయిని. చుక్క ఎంతసేపు కనపడకుండా పోయిందో చూసి, దాన్ని నీడ వేగంతో గుణిస్తే రాయి అడ్డుకొలత వస్తుంది. చుక్కకు సైజు అంటూ లేనట్టే, సూదిమొన లాంటిదే అనుకుని లెక్క కడతారు. ఈసారి చుక్క అలాంటిది కాదు. ముసలిదై ఉబ్బిపోయిన ఎర్ర నక్షత్రం. రాయి సంగతి తర్వాత, ముందు దీన్నే కొలుద్దాం అని నా ఆశ.

ఎలా కొలుస్తారో మా అమ్మాయికి మిద్దె మీదే చూపించాను. పొద్దున తొమ్మిదింటి ఎండలో దండెం మీద ఆరేసిన చీర నీడ చూడండి. నేలకు దగ్గరగా ఉన్న కింది అంచు నీడ గీత గీసినట్టు ఉంటుంది. పైన దండెం నీడ, అది ఎక్కడో దూరంగా పడుతుంది కదా, అక్కడ అంచు చెదిరిపోయి మసగ్గా ఉంటుంది. చీర ఒకటే, ఎండ ఒకటే. సూర్యుడు చుక్క కాదు, బిళ్ల. ఆ బిళ్లకు ఒక పక్క నుంచి వచ్చే వెలుగు ఆగిపోయినా ఇంకో పక్క వెలుగు ఇంకా తగులుతూ ఉంటుంది. అదే ఆ మసక. దాని వెడల్పు, చీర నుంచి నీడకున్న దూరంలో సుమారు 107వ వంతు. మూడు మీటర్ల దూరానికి మూడు సెంటీమీటర్లకు కాస్త తక్కువ. అంటే స్కేలు పెట్టి నీడ అంచు కొలిచినవాడు, తెలిసో తెలియకో సూర్యుడి బిళ్లను కొలిచినట్టే.

చీర స్థానంలో గ్రహశకలాన్నీ, సూర్యుడి స్థానంలో ఎర్ర చుక్కనూ పెట్టండి. ఆ రాత్రి రాయి మనకు 25 కోట్ల 40 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంది. చుక్క రంగునీ ప్రకాశాన్నీ బట్టి దాని బిళ్ల మన కంటి దగ్గర చేసే కోణం సుమారు 0.9 మిల్లీఆర్క్‌సెకండ్లు ఉండాలని ముందే అంచనా వేసుకున్నాను. ఇదెంత చిన్నదో చెప్పాలంటే, ఐదున్నర వేల కిలోమీటర్ల అవతల ఎవరో పదిరూపాయల బిళ్ల పట్టుకుని నిలబడితే అది మనకు ఒక మిల్లీఆర్క్‌సెకండ్. ఏ టెలిస్కోపులో పెట్టి చూసినా బిళ్లగా కనపడదు. కానీ అంత చిన్నది కూడా 25 కోట్ల కిలోమీటర్ల మీద నీడ అంచును 1.1 కిలోమీటర్లు చెదరగొడుతుంది! ఆ కిలోమీటరు చిల్లర మా మిద్దె మీంచి జారిపోవడానికి సెకనులో పదోవంతు కూడా పట్టదు. నా కెమెరా సెకనుకు 50 ఫ్రేములు తీస్తుంది, ఒక్కోటి 20 మిల్లీసెకన్లు. అంటే నాకు దక్కేది నాలుగో ఐదో ఫ్రేములు. ఒక్క ఫ్రేము సగం వెలుగుతో ఉంటే లాభం లేదు. సూదిమొన చుక్క అయినా, ఫ్రేము తెరుచుకుని ఉండగా మధ్యలో మాయమైతే సగం వెలుగే నమోదవుతుంది. వరసగా మూడు, నాలుగు ఫ్రేములు మెట్లు దిగినట్టు దిగాలి. అప్పుడే అది బిళ్ల.

ఈ పిచ్చి నాకు పట్టింది అమెరికాలో వెరిటాస్ వాళ్లు చేసిన పని చదివాక. అరిజోనాలోని నాలుగు టెలిస్కోపులవి, ఒక్కోటి 12 మీటర్ల అద్దం. కట్టింది గామా కిరణాల కోసం. చక్కటి బొమ్మ తీయడం వాటికి రాదు. కానీ వెలుతురు పట్టడంలోనూ, చకచకా కొలవడంలోనూ వాటికి సాటి లేదు. 2018 ఫిబ్రవరి 22న ఇంప్రినెట్టా అనే గ్రహశకలం ఓ మసక చుక్కను దాటుతుంటే పట్టుకున్నారు. నీడ అంచులో వచ్చే అలల ఆకారాన్ని బట్టి, 2,600 కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉన్న ఆ చుక్క సూర్యుడికి 11 రెట్లు వెడల్పని తేల్చారు. అదే ఏడాది మే 22న పెనెలోప్ అనే ఇంకో గ్రహశకలంతో ఇంకో చుక్క, అది సూర్యుడికి 2.17 రెట్లు. నా దగ్గరున్నది ఎనిమిది అంగుళాల అద్దం. వాళ్ల మొదటి చుక్క 0.125 మిల్లీఆర్క్‌సెకండ్లు, అంత చిన్నది నా వల్ల కాదు. నా చుక్క దానికి ఏడు రెట్లు లావు కాబట్టే సాహసించాను.

అంతకుముందు ఏడాది ఒకసారి చేతికొచ్చినట్టే వచ్చి పోయింది. ఆకాశం బాగుంది, చుక్క బాగుంది, చుక్క మాయమవడం కళ్లారా చూశాను. మర్నాడు ఫైలు తెరిస్తే సరిగ్గా పట్టు దగ్గర 180 మిల్లీసెకన్ల ఖాళీ. ల్యాప్‌టాప్ ఆ క్షణంలోనే ఏదో అప్‌డేట్ దింపుకుంటూ ఫ్రేములు మింగేసింది. తొంభై సెకన్ల రికార్డింగు అంటే దగ్గర దగ్గర పది గిగాబైట్లు. డిస్కు ఒక్క రవ్వ తడబడినా ఫ్రేములు ఎగిరిపోతాయి. నాకు కావలసిందే ఎగిరింది. అందుకని ఈసారి వైఫై ఆపి, యాంటీవైరస్ ఆపి, సాయంత్రం పది నిమిషాల ట్రయల్ తీసి, ఒక్క ఫ్రేమూ పోలేదని తేలాకే భోంచేశాను.

మిగతా సరంజామా పెద్దదేం కాదు. ఎక్కడ ఎప్పుడు నీడ పడుతుందో చెప్పడానికి ఆకల్ట్ వాచర్, రికార్డింగుకు షార్ప్‌క్యాప్, తర్వాత ఫ్రేముల్లో వెలుగు కొలవడానికి టాంగ్రా. సెకనుకోసారి మెరిసే ఎర్ర లైటున్న జీపీఎస్ రిసీవర్, ఆ మెరుపును టెలిస్కోపు మూతి దగ్గర చూపిస్తే ఫ్రేములోనే సమయం ముద్ర పడుతుంది. గయా ఉపగ్రహం చుక్కల స్థానాలు అంత కచ్చితంగా ఇచ్చాకే ఈ జోస్యాలు నమ్మదగ్గవిగా మారాయి. అంతకుముందు నీడ దారి ఈ జిల్లాలోనో పక్క జిల్లాలోనో అన్నట్టుండేది.

నా టెలిస్కోపు డాబ్సోనియన్. పీట మీద గొట్టం, మోటారు లేదు. చుక్క పడమటికి జారిపోతుంటే దాన్ని చేత్తో తోస్తూ వెంబడించాలి, తోస్తే ఫ్రేము అదురుతుంది. దీనికో కిటుకుంది. తోయకూడదు. చుక్క 1:52కి ఆకాశంలో ఎక్కడుంటుందో ముందే అక్కడికి గొట్టం తిప్పి పెట్టి, చేతులు కట్టుకు కూర్చోవాలి. భూమి తిరిగి చుక్కను తెచ్చి ఒళ్లో పడేస్తుంది. అక్కడికి తిప్పడమెలా? ఆకాశంలో అదే క్రాంతి మీద, అంటే తూర్పు నుంచి పడమటికి అదే దారిలో, మన చుక్కకు 47 నిమిషాల ముందు నడిచే చుక్క ఒకటి చూసుకోవాలి. దాన్ని సరిగ్గా 1:05కి ఫ్రేము మధ్యకు తెస్తే చాలు. తిరునాళ్లలో రథం వచ్చే వీధి తెలిసినవాడు ముందే వెళ్లి అరుగు మీద కూర్చున్నట్టు.

చెప్పడం తేలిక. పన్నెండున్నరకు ఫైండర్ (గురి చూసుకునే చిన్న గొట్టం) అద్దం మీద మంచు పట్టింది. చెన్నైలో ఆ నెలలో చలి లేకపోయినా తేమకు కరువులేదు. అమ్మాయి హెయిర్ డ్రయ్యర్ తెచ్చి ఊదుతుంటే ఎదురు అపార్టుమెంటులో ఒకాయన లైటు వేసి బాల్కనీలోకి వచ్చాడు. ఆ లైటు ఎల్‌ఈడీ, నేరుగా గొట్టంలోకి. ఆయన లోపలికి పోయేదాకా అద్దానికి దుప్పటి అడ్డం పట్టుకుని నిలబడ్డాను. సింహరాశి ఆ వేళకు నడినెత్తి దాటి పడమటికి ఒరుగుతోంది. డాబ్‌కు నడినెత్తి గండం, పక్కకు తిరగమంటే తిరగదు, మొండికేస్తుంది. 1:02కి దారి చూపే చుక్క దొరికింది. 1:05కి మధ్యలో. మరలు బిగించి, చేతులు వెనక్కి తీసుకున్నాను.

తర్వాత నలభై ఏడు నిమిషాలు దాన్ని ముట్టుకోకూడదు. వాచ్‌మన్ పైకొచ్చి ఆకాశం కేసి చూసి, "నిలా ఇల్లయే సార్, ఎన్న పాక్కిరీంగ?" అన్నాడు. చందమామ లేకపోతే చూసేదేముంది అని వాడి అనుమానం. చెబుదామనుకునేలోపు రెండడుగులు ముందుకు వేశాడు, స్క్రీన్ మీద చుక్కలన్నీ గెంతాయి. దణ్ణం పెట్టి మెట్ల మీదే కూర్చోమన్నాను. 1:40కి అమ్మ ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని వచ్చి వాడి పక్కనే మెట్టు మీద కూర్చుంది. బావ ఫోను: "ఏం బావా, ఇక్కడ తూర్పున మబ్బు లేస్తోంది." "నీ మబ్బు నాకు చెప్పకు, నీ గొట్టం కదపకు" అన్నాను. వాడిది ఐదంగుళాలది, స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చుకున్నది.

1:51:30కి రికార్డింగు మొదలుపెట్టి ఎర్ర లైటు చూపించాను. అప్పటికే చుక్క ఫ్రేము కొసలోంచి నడుచుకుంటూ వస్తోంది. ఎనిమిదో మాగ్నిట్యూడు చుక్క (మాగ్నిట్యూడు అంటే వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ మసక). మంచి చీకట్లో కంటికి కనిపించే చివరి చుక్కకన్నా ఆరు రెట్లు మసక, అంబత్తూరు వెలుతురులో మనిషి కన్ను దాని ఊసే ఎత్తలేదు. స్క్రీన్ మీద మాత్రం దర్జాగా మెరుస్తోంది. అమ్మ లేచి వచ్చి నా భుజం మీంచి చూస్తోంది. ఎవరో బొటనవేలు అడ్డం పెట్టినట్టు పోయింది. అమ్మ "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టి, "విడిచింది" అంది. అంతే.

ఆ మధ్య మూడు సెకన్లు స్క్రీన్ మీద ఆ చోట ఏమీ లేదు. రాయి పదమూడున్నర మాగ్నిట్యూడు, 20 మిల్లీసెకన్లలో నా అద్దానికి అందదు. ఐదు మాగ్నిట్యూడులు తగ్గితే వెలుగు నూరో వంతు అని మేం లెక్కకట్టే కొలబద్దను 1856లో ప్రతిపాదించింది నార్మన్ పాగ్సన్. ఆ పాగ్సనే తర్వాత మద్రాసు అబ్జర్వేటరీకి వచ్చి, 1861 ఏప్రిల్ 17న మన నుంగంబాక్కం నుంచే 67వ గ్రహశకలం ఏషియాను కనిపెట్టాడు. ఇవాళ ఆ ఆవరణలో వాతావరణ కేంద్రం ఉంది. 1792 నాటి రాతి స్తంభం మిగిలింది, దాని మీద తెలుగు అక్షరాలు కూడా చెక్కి ఉన్నాయి. ఊళ్లో ఇన్నేళ్లుంటూ కాలేజీ రోడ్డులో వెయ్యిసార్లు తిరిగిన నాకు, ఈ పనిలో పడేదాకా ఆ సంగతే తెలియదు.

ఫైలు తెరవడానికి భయమేసి మర్నాడు సాయంత్రం దాకా ఆగాను. ఫ్రేములు ఒక్కటీ పోలేదు. చుక్క మామూలు వెలుగును 100 అనుకుంటే, పట్టు దగ్గర ఫ్రేము తర్వాత ఫ్రేము ఇలా దిగింది: 102, 97, 84, 63, 40, 19, 5, మైనస్ 1. కుర్చీలోంచి లేచి హాల్లో ఒక చుట్టు తిరిగొచ్చాను. మెట్లు! విడుపు దగ్గర: 2, 7, 15, 31, 54, 72, 90, 99. పట్టు సుమారు ఐదు ఫ్రేములు, విడుపు ఆరు. ఒకటి 100 మిల్లీసెకన్లు, ఒకటి 120.

ఇక్కడే చాలామంది తొందరపడతారు, నేనూ పడ్డాను. నెమ్మదిగా ఆరడానికి చుక్క లావే కారణం కానక్కర్లేదు. మన కావలూరు అబ్జర్వేటరీలోనే 1972 జూన్ 7న గురుడి ఉపగ్రహం గానిమీడ్ ఓ చుక్కను దాటుతుంటే చూశారు. చుక్క ఠక్కున పోకుండా మెల్లగా ఆరేసరికి గానిమీడ్‌కు పల్చని వాతావరణం ఉందని అనుకున్నారు. తర్వాత వాయేజర్ వ్యోమనౌక వెళ్లి చూస్తే అంత వాతావరణం కనపడలేదు. 42 కిలోమీటర్ల రాయికి వాతావరణం ఉండదు కాబట్టి నాకా బెంగ లేదు. వెలుగు అంచు దగ్గర వంగి అలలు కట్టడం ఉంది, ఆ దూరానికి అది సుమారు 280 మీటర్లు, ఒక ఫ్రేము మేర నునుపు చేస్తుంది. దాన్ని లెక్కలో కలపొచ్చు. అసలు తంటా రాయి వంపుతో. రాయి నడిమధ్యన కాకుండా పక్కన ఎక్కడో చుక్క దూరితే, అంచు ఏటవాలుగా తగులుతుంది. తలుపు నేరుగా మూసుకోవడానికీ, వాలుగా ఉన్న రెప్ప మెల్లగా కమ్ముకోవడానికీ తేడా లేదూ? అలా తగిలితే చుక్క ఉన్నదానికన్నా లావుగా కనపడుతుంది. నా ఒక్కడి కొలతతో ఆ వాలు ఎంతో తెలియదు.

ఆ వాలు చెప్పింది బావ. వాడి మబ్బు అడ్డం రాలేదు. 40 మిల్లీసెకన్ల ఫ్రేములు కాబట్టి మెట్లు సరిగ్గా రాలేదు గానీ, చుక్క 2.4 సెకన్లు లేకుండా పోయిందని తేల్చాడు. నాది 3.1. అంటే రాయి మీద నా జ్యా (రాయికి అడ్డంగా చుక్క నాకు గీసిన గీత) 37 కిలోమీటర్లు, వాడిది 29. మా ఇద్దరి గీతల మధ్య అడ్డంగా 25 కిలోమీటర్లు. రాయి గుండ్రమే అనుకుంటే (గుండ్రం కాదని తెలుసు, అయినా) 42 కిలోమీటర్ల వృత్తంలో ఈ రెండు జ్యాలూ చక్కగా ఇమిడాయి, మధ్యకు చెరో పక్క. నేను మధ్య నుంచి పది కిలోమీటర్లు తప్పుకున్నాను. ఆ లెక్కన అంచు నా మీదుగా కదిలిన వేగం 12 కాదు, 10.6. దాంతో పట్టు 0.86 మిల్లీఆర్క్‌సెకండ్లకూ, విడుపు 1.03కూ వచ్చాయి. సగటు 0.95, అటో ఇటో 0.15. వాలు పట్టించుకోకుండా ఉంటే 1.07 అని చెప్పుకుని ఊరేగేవాణ్ని.

ఆ చుక్క సుమారు 1,600 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఆ దూరానికి 0.95 అంటే అడ్డుకొలత ఏడు కోట్ల కిలోమీటర్లు, దాదాపు 50 సూర్యుళ్లు పక్కపక్కన పేర్చినంత. సూర్యుడి చోట పెడితే బుధుడి దారి దాకా రాదు గానీ, అందులో సగం మించి తినేస్తుంది. అమ్మకు చెబితే, "మరి అంత పెద్దదాన్ని ఆ గులకరాయి ఎలా కప్పింది?" అంది. బొటనవేలు అడ్డం పెట్టి ఎదురింటి ట్యాంకు చూడమన్నాను.

రెండు జ్యాలూ రిపోర్టు పంపించేశాం. చుక్క సైజు మాత్రం ఇంకా మా ఇద్దరి మధ్యే ఉంది. విడుపులో ఆ రెండో అంకె, 7, చుక్క మిణుకు వల్ల వచ్చిన అబద్ధమని బావ వాదన. పక్క చుక్కతో పోల్చి చూడరా అంటాడు, కానీ ఒక్కో చుక్క మిణుకు దానిదే, పక్కదానితో పోల్చి తీసేయడం కుదరదు. రాయికి ఆ వైపు అంచులో ఏ గుంటో ఉండి వెలుగు ముందే తొంగి చూసిందేమోనని నేనంటాను. వాడి మాట విని ఆ ఫ్రేము తీసేస్తే చుక్క 50 సూర్యుళ్ల నుంచి 46కి దిగుతుంది. నేను తీయనంటున్నాను.